గాలిమర కింది గది

చిక్కడపల్లి, హైదరాబాద్
డిసెంబర్ 4

అమ్మా భాగ్యశ్రీ,

ఆశీస్సులు. తెలియని దస్తూరీ చూసి కంగారుపడకు. నేను జగన్మోహన్‌ను. మొన్న జులై దాకా నువ్వు కిరాయికున్న మేడ మీది గది ఇంటివాణ్ణి. నీ నంబరుకు చాలాసార్లు చేశాను, వాడుకలో లేదంటోంది. గదిలో దిగినప్పుడు నువ్విచ్చిన ఆధార్ కాపీ మీద అడ్రసు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వారం ఆ గదికి సున్నం వేయిద్దామని పైకి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. సామాను జరిపి, అలసటగా ఉంటే నీ మంచం ఉండే మూలలోనే చాప పరుచుకుని వాలాను. పైన నేను కరెంటు కోసం పెట్టించిన గాలిమర తిరుగుతోంది. తల గోడకు ఆనింది. అప్పుడు వినిపించింది. వినిపించింది అనడం కూడా సరికాదు, పళ్ల లోపల మోగింది. కాసేపు మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. నువ్వు జూన్‌లో మెట్ల మీద నిలబడి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "ఆగినప్పుడే ఎక్కువ పరేషాన్ అయితది సార్. మళ్ల ఎప్పుడు మొదలైతదో అని చెవి దానికే కాసుకొని ఉంటది" అన్నావు.

ఆ రోజు నేనేం చేశానో నీకు గుర్తుండే ఉంటుంది. గది మధ్యలో నిలబడి ఫోన్‌లో చప్పుడు కొలిచాను. నలభై రెండు డెసిబెల్స్ చూపించింది. "నువ్వు చదువుకునే లైబ్రరీ కంటే నీ గదే నయం. మోత గాలిమరలో లేదమ్మా, పరీక్ష భయంతో నీ తలలో ఉన్నది" అన్నాను. నవ్వాను కూడా.

ముప్పై ఏళ్లు బషీర్‌బాగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. కంపనం గాలిలోనే కాదు, ఇనుములోనూ గోడలోనూ పోతుందని మొదటి సంవత్సరం పిల్లలకు బల్ల మీద కొట్టి చూపించేవాణ్ణి. గాలిమర నిలబడే ఇనుప పైపును నీ గది గోడకు నాలుగు బోల్టులతో బిగించింది నేనే. వానాకాలంలో సోలార్ ప్యానెళ్లు నీరసపడితే గాలి ఆదుకుంటుందని, ఇంటి కరెంటు ఇంటి మీదే పుట్టాలని చెప్పి పేపర్లో ఫోటో వేయించుకున్నవాణ్ణి. ఆ ఫోటోకు నీ మాట అడ్డొచ్చింది. అందుకే వినలేదు.

ఆ మధ్యాహ్నమే లేచి గాలిమర ఆపేశాను. నీ పరీక్ష పోయిందని నీ స్నేహితురాలు రమ్య లైబ్రరీ దగ్గర కనిపించి చెప్పింది. ఏళ్ల తరబడి చదివావు. అది నా వల్లే పోయిందన్న బాధ నన్ను వదలడం లేదు. క్షమించమని అడగడానికే ఇదంతా.

మీ ఆంటీ కమల క్షేమం. జులైలో చేతికి దెబ్బ తగిలింది, ఇప్పుడు ఫరవాలేదు.

ఇట్లు,
జగన్మోహన్


జగిత్యాల
డిసెంబర్ 12

జగన్మోహన్ సార్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మీరు పెద్దవారు, నాకు క్షమాపణ చెప్పకూడదు. నా పరీక్ష పోవడానికీ మీ గాలిమరకూ సంబంధం లేదు సార్. దయచేసి ఆ బాధ మనసులోంచి తీసేయండి.

నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతున్నాను. మా అన్న నాగేందర్ వాళ్లింట్లో ఉంటున్నాను. నాన్న, అన్న అందరూ బాగున్నారు. మళ్లీ పరీక్షలు రాసే ఆలోచన ప్రస్తుతానికి లేదు.

ఆంటీకి దెబ్బ కుడి చేతికే కదా సార్? ఇప్పుడు వేళ్లు ముడుచుకుంటున్నాయా? చీరలకు ఫాల్స్ కుట్టగలుగుతున్నారా? అసలు ఆ రెక్క ఎందుకు విరిగిందని మీరు అనుకుంటున్నారు? ఆంటీ ఏమంటున్నారు? వీలైతే రాయండి.

భాగ్యశ్రీ


చిక్కడపల్లి
డిసెంబర్ 19

అమ్మా భాగ్యశ్రీ,

నీ ఉత్తరం చదివి మనసు కొంచెం తేలికపడింది. రెక్క విరిగిన సంగతి నేను రాయలేదే, నీకెలా తెలుసు అనుకున్నాను. తర్వాత తట్టింది, నీ సామాను కోసం వచ్చిన నాగేందర్ చెప్పి ఉంటాడు. అయినా అడిగావు కాబట్టి మొత్తం రాస్తాను.

అది నువ్వు మొదటి పేపరు రాయడానికి వెళ్లిన రోజే. మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా, గాంధీనగర్ వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. కమల బట్టలు తీయడానికి పైకి వెళ్లింది. గాలిమర రెక్క మొదలు దగ్గర విరిగి ఎగిరొచ్చింది. తల మీద పడేదే, చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయి. రాడ్ వేశారు. బొటనవేలు, చూపుడువేలు ఇప్పటికీ కలవవు. సూది పట్టుకోలేదు. ఫాల్స్ కుట్టడం మానేసింది. చీరలు తెచ్చినవాళ్లను నారాయణగూడలో ఇంకొకామె దగ్గరికి పంపుతోంది.

ఆమెను ఆసుపత్రిలో చేర్చి వచ్చాక నేను గాలిమర పక్కనున్న నీళ్ల ట్యాంకు మీదికెక్కి చూశాను. గాలిమర ఇరుసుకు నీలం రంగు నైలాన్ తాడు చుట్టుకుని ఉంది. మన దండెం తాడే. పిట్టగోడకు ఉండే రెండు దండేల్లో ఒకటి లేదు. గాలికి ఊడి, ఎగిరి, రెక్కల్లో పడింది. తిరిగేదాన్ని తాడు పట్టి గుంజితే రెక్క మొదలు దగ్గర పగలక ఏమవుతుంది?

ఆ సాయంత్రమే ఆసుపత్రి మంచం దగ్గర కమలతో అన్నాను. "నువ్వు దండెం సరిగ్గ కట్టలే. గందుకే గిట్లయింది." ఎదురింటి శ్రీరామమూర్తికీ అదే చెప్పాను, చుట్టాలకూ అదే చెప్పాను. గాలిమర అమ్మిన కంపెనీవాళ్లకు కాగితం మీద రాసి పంపాను. కమల కాదనలేదు. "అవును, తొందరల ఒక్క ముడే ఏసి ఒదిలేసిన్నేమో" అంది. ఆ రోజు నుంచి తాడైనా, పాల ప్యాకెట్ రబ్బరైనా రెండు ముళ్లు వేస్తుంది. వేసి పక్కకు పోయి, మళ్లీ వచ్చి లాగి చూస్తుంది. గేటు గొళ్లెం కూడా అంతే. పైకి మాత్రం వెళ్లడం లేదు, బట్టలు కిందే ఆరేస్తోంది.

ఆ స్థితిలో అలా అనకుండా ఉండాల్సింది. కానీ జరిగింది అదే కదా. కొత్త రెక్క తెప్పించి దసరా తర్వాత మళ్లీ బిగించాను.

గది ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు మళ్లీ చదువుకుంటానంటే అది నీదే.

జగన్మోహన్


జగిత్యాల
డిసెంబర్ 27

సార్,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. ఒక్క మాటగా రాసేస్తాను. ఆ తాడు గాలికి ఊడలేదు. దాన్ని విప్పి రెక్కకు కట్టింది నేను.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం. పదిహేను రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. చదివిన పేజీయే మళ్లీ చదువుతున్నాను, ఏదీ నిలవడం లేదు. మీ దగ్గరికి మళ్లీ రావాలంటే సిగ్గేసింది. నా తలలోనే ఏదో లోపం ఉందని మీరు అనేశారు కదా, నాకూ అలాగే అనిపించడం మొదలైంది. చీకటి పడుతుండగా గాలి పూర్తిగా పడిపోయింది. రెక్కలు ఆగి ఉన్నాయి. ఆంటీ దండెం ఒకటి విప్పాను. నిచ్చెన మీదుగా ట్యాంకు ఎక్కితే కింది రెక్క చేతికందింది. దాన్ని పైపుకు కట్టేశాను. మా నాన్న గడ్డిమోపుకు వేసే ముడి వేశాను, అది ఎంత గుంజినా జారదు. ఒక్క పూట ఆగితే చాలనుకున్నాను. దానివల్ల రెక్క విరుగుతుందని, అది మనిషి మీద పడుతుందని నాకు తోచలేదు. తోచి ఉండాల్సింది.

తెల్లారి విప్పుదామని చూస్తే అప్పటికే గాలి లేచింది. రెక్క ఊగుతూ తాడును గుంజుతోంది. దగ్గరికి పోవడానికి భయమేసింది. బస్సుకు టైమవుతోంది. సాయంత్రం వచ్చి విప్పుతా అనుకుని దిగాను. కింద ఆంటీ గిన్నెలో పెరుగు, చక్కెర కలిపి పట్టుకుని నిలబడి ఉన్నారు. నా నోట్లో ఒక చెంచా పెట్టి, "నిమ్మలంగ రాయి బిడ్డా, మనసు చెదరనియ్యకు" అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు సార్. 'ఆంటీ, ఇయ్యాల పైకి పోకుండ్రి' అని నాలుగు మాటలు. తాడు సంగతి మీకు తెలిస్తే గది ఖాళీ చేయమంటారని నోరు మూసుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి గేటు దగ్గర పదిమంది ఉన్నారు. మెట్ల మీద నెత్తురు. శ్రీరామమూర్తి గారు ఎవరితోనో "దండెం తాడు పోయి రెక్కలల్ల సుట్టుకున్నదట" అంటున్నారు. ఆ మాట నా చెవిన పడింది. పడగానే నాకేమనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. బతికిపోయాను అనిపించింది. వెనక్కి తిరిగి అశోక్‌నగర్‌లో రమ్య హాస్టల్‌కు వెళ్లిపోయాను. తెల్లారి రెండో పేపరు రాయలేదు. పరీక్ష అందుకే పోయింది, మీ గాలిమర వల్ల కాదు.

సామానుకు అన్నను పంపాను. అతను తిరిగొచ్చి, "అంత నొప్పిల కూడ నన్ను కూసోబెట్టి ఎడమ చేత్తోటి చాయ్ ఇచ్చింది ఆ అమ్మ. ఒక్కసారి పోయి చూసి రారాదు?" అన్నాడు. ఆ రోజే సిమ్ తీసి పారేశాను.

తప్పు ఆంటీ తనదే అనుకుంటున్నారని నాకు తెలియదు సార్. మీ ఉత్తరంలో ఆ ముళ్ల సంగతి చదివాక బడిలో పాఠం చెప్పలేకపోయాను. ఇది ఆంటీకి చెప్పండి. తర్వాత మీరు ఏ శిక్ష వేసినా సరే.

భాగ్యశ్రీ


చిక్కడపల్లి
జనవరి 3

భాగ్యశ్రీకి,

నీ ఉత్తరం చదివాను. ఏం రాయాలో తెలియక మూడు రోజులు ఆగాను. కోపం తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు.

ఆమె నిన్ను ఒక్కనాడూ కిరాయిదారులా చూడలేదు. పండగపూట నువ్వు ఊరికి పోకపోతే నీకు పెట్టాకే తాను తినేది. మంచంలో పడి ఉండి కూడా "ఆ పిల్ల పరీక్ష మంచిగ రాసిందో లేదో" అని అడిగింది. నువ్వేమో ఆమె నెత్తురు తొక్కకుండా గేటు దగ్గరి నుంచే పోయావు. ఇన్ని నెలలు ఒక్క ఫోన్ లేదు. నేను క్షమాపణ అడిగితే తప్ప నీ నోట నిజం రాలేదు.

ఈ ఉత్తరం కమలకు చూపించలేదు. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె మనసు ఇప్పుడిప్పుడే కుదుటపడింది. దాన్ని మళ్లీ కదిలించడం నాకు ఇష్టం లేదు. నువ్వు కూడా ఇక రాయకు. జరిగిందేదో జరిగింది, అక్కడితో వదిలేయడం అందరికీ మంచిది.

జగన్మోహన్


జగిత్యాల
జనవరి 9

సార్,

రాయవద్దన్నారు. ఈ ఒక్కసారికి మన్నించండి. మీరన్న మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు, అన్నీ పడతాను.

కానీ ఆంటీ మనసు కుదుటపడిందని రాశారు. పాల ప్యాకెట్ రబ్బరుకు రెండు ముళ్లు వేసి, పోయి, మళ్లీ వచ్చి లాగి చూసుకునే మనిషి మనసు కుదుటపడినట్టా సార్? నేను చేసిన పనికి ఆమె రోజూ గేటు గొళ్లెం దగ్గరికి రెండుసార్లు నడుస్తున్నారు. తెలిశాక కూడా ఊరుకుంటే ఇది రెండో తప్పు అవుతుంది. ఈసారి తెలియక చేసిన తప్పు అనడానికి కూడా ఉండదు.

ఈ నెల ఇరవై అయిదు, ఆదివారం, పొద్దున బస్సుకు వస్తున్నాను. ఆంటీ ముందు నిలబడి నేనే చెబుతాను. అంతకు ముందే మీ నోటితో చెబితే ఆమెకు ఇంకా మంచిదని నాకనిపిస్తోంది. ఎందుకో నాకు తెలియదు. మీకు తెలిసి ఉండొచ్చు.

భాగ్యశ్రీ


చిక్కడపల్లి
జనవరి 16

అమ్మా భాగ్యశ్రీ,

ఎందుకో నాకు తెలుసు. ఇది నీకు రాస్తే తప్ప కమలకు చెప్పే ధైర్యం రాదు, కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు ట్యాంకు ఎక్కి చూసినప్పుడు ఇరుసుకు చుట్టుకున్న తాడు ముక్క మాత్రమే కాదు, పైపుకు ఇంకో ముక్క కనిపించింది. దానికి ముడి ఉంది. గట్టి ముడి, కత్తితో కోస్తే తప్ప రాలేదు. గాలి తాడును ఎగరేస్తుంది, చుడుతుంది, తెంపుతుంది. ముడి వేయదు. ఆ సంగతి తెలియడానికి ఫిజిక్స్ చదివి ఉండక్కర్లేదు.

ఎవరో కట్టారని నాకు అప్పుడే తెలుసు. ఎవరై ఉంటారో ఆలోచిస్తే ఎందుకు కట్టారో కూడా ఆలోచించాలి. ఆలోచిస్తే నువ్వు మెట్ల మీద నిలబడి చెప్పిన మాట దగ్గరికి వెళ్లాలి. పేపర్లో ఫోటో పడిన మనిషి అంత దూరం వెళ్లలేదు. ఆ ముడి కోసి చెత్తలో వేసి, ఆసుపత్రికి పోయి, కమలతో ఆ మాట అన్నాను. నొప్పితో మూలుగుతున్న మనిషికి తప్పు కూడా అంటగట్టి వచ్చాను.

నీకు పోయినసారి కోపంగా రాశాను. నువ్వు మాట దాచావు. నేను దాచడంతో ఆగక ఆమె మీదికి తోశాను. పైగా ఆమె మనసు కోసమే అన్నట్టు నీకు నీతులు రాశాను.

రా. నువ్వు వచ్చేలోపు నేనే చెబుతాను.

జగన్మోహన్


చిక్కడపల్లి
ఫిబ్రవరి 12

భాగ్యశ్రీ,

ఇది కమల ఆంటీ. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో. మీ సార్ రాసిపెడతానన్నారు, వద్దన్నాను. ఆ రోజు నువ్వు గడపలో నిలబడి ఏడవడమే గాని ఒక్క ముక్క పూర్తిగా చెప్పలేకపోయావు. నీకు అన్నం పెట్టి, బస్సుకు పంపేశాను. అన్నం పెట్టింది కాబట్టి అంతా సర్దుకుందని నువ్వు అనుకుంటావేమోనని ఇది రాస్తున్నాను.

నువ్వు రావడానికి ముందు రోజు పొద్దున, టిఫిన్ అయ్యాక, మీ సార్ బీరువా తెరిచి నీ ఉత్తరాలన్నీ నా ముందు చదివారు. తర్వాత ఆ ముడి సంగతి చెప్పారు. నేను లేచి వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను. మొదట వచ్చింది కోపం కాదు. నా తాడు కాదట, నా ముడి కాదట అన్న ఒక్కటే. ఆరు నెలలు నా చేతిని నేనే విరగ్గొట్టుకున్నానని అనుకున్నాను కదా. కాసేపు హాయిగా ఏడ్చాను. ఆ తర్వాత వచ్చింది కోపం.

బయటికొచ్చి ఆయన్ను అడిగాను. "ముడి చూసినంక కూడ నన్నే అన్నవా?"

"అన్న" అన్నారు.

"ఎందుకు?"

"నువ్వు తిరిగి అడగవని."

ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన నాతో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. అందుకే ఇంకా ఎక్కువ మండింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. నువ్వు వచ్చినప్పుడు ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడానికి కారణం నువ్వొక్కదానివే కాదు.

అయిదో రోజు నేనొక మాట అన్నాను. "నాకు చెప్పినవ్ సరే. ఊరందరికి నా తాడన్నవ్. వాళ్లకెవరు చెప్తరు?" ఆయన చెప్పులేసుకుని ఎదురింటికి పోయారు. నేను గేటు దగ్గర నిలబడి విన్నాను. "శ్రీరామమూర్తీ, మా కమల దండెం మంచిగనే కట్టింది. తప్పు నాది. ఆ గదిల పిల్ల నిద్రపడతలేదంటే నేను ఇనలే" అన్నారు. నీ పేరు చెప్పలేదు. చుట్టాలకు ఫోన్లు చేశారు. కంపెనీవాళ్లకు కొత్తగా కాగితం రాశారు, నాకు చూపించాకే పంపారు.

గాలిమరను పాత ఇనుముకు అమ్మేయమని శ్రీరామమూర్తి సలహా ఇచ్చాడు. మీ సార్ కూడా సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు. కిందటేడు వానల్లో మూడు రోజులు ఎండ ముఖం చూడకపోయినా, వీధంతా కరెంటు పోయినా మన ఇంట్లో ఫ్యానులు తిరిగాయి. అది నాకిష్టం. గాలి తన పని తాను చేసింది. తప్పులు మనుషులవి. అయితే పైపును గది గోడ నుంచి ఊడదీయించాను. మెట్ల గదికి అవతల విడిగా దిమ్మె కట్టించి, కింద రబ్బరు పట్టీలు వేయించి నిలబెట్టించాను. దాన్ని ఆపే స్విచ్ గదిలోపల పెట్టించాను. అక్కడ పడుకునేవాళ్లకు మోత అనిపిస్తే వాళ్లే ఆపుకుంటారు, ఎవర్నీ అడగక్కర్లేదు.

బిగించిన రోజు నేనే పైకి వెళ్లి నీ మూలలో తల గోడకు ఆనించి పడుకున్నాను. జులై తర్వాత పైకెక్కడం అదే మొదటిసారి. ఆయన బయటి నుంచి "ఇనిపిస్తుందా?" అని అడిగారు. ఇనిపిస్తుందన్నాను. ఆయన ఇంకో పట్టీ వేశారు. మళ్లీ అడిగారు. ఇంకా ఉందన్నాను. మూడోసారికి పోయింది.

ఇక నీ సంగతి. బస్సెక్కేటప్పుడు "నన్ను మాఫ్ చేసిన్రా ఆంటీ" అని అడిగావు, నేను జవాబు చెప్పలేదు. చేశానని రాసేస్తే నీకు నిద్ర పడుతుంది, కానీ అది అబద్ధం అవుతుంది. సూది చూస్తే ఇంకా నువ్వే గుర్తొస్తావు. నేను పెరుగు, చక్కెర పెడుతుంటే నా మొహంలోకి చూసి కూడా చెప్పలేదే అన్నది లోపల గుచ్చుతూనే ఉంది. అది ఎప్పుడు పోతుందో తెలియదు.

రమ్య చెప్పింది, కొత్త నోటిఫికేషన్ పడిందట, ఈ నెలాఖరు దాకా గడువు ఉందట. దరఖాస్తు పెట్టావా? పెట్టకపోతే ఇవాళే పెట్టు. నాకు కోపం ఉందని నువ్వు చదువు మానుకుని కూర్చుంటే నా చెయ్యి బాగవుతుందా? గది కడిగించి ఉంచాను. వస్తే కొన్నాళ్లు నేను నీతో సరిగ్గా మాట్లాడకపోవచ్చు. అయినా రా.

కమల